ఎడమ కిటికీ ఎండ

మా ఇల్లు బుక్కరాయసముద్రంలో, మా బడి కొత్తచెరువుకు అవతల. నేనూ నా భార్యా ఇద్దరమూ ఆ బడిలోనే పని చేస్తాము. ఆమె తెలుగు చెప్తాది, నేను భౌతికశాస్త్రం చెప్తాను. పొద్దున దక్షిణం దిక్కుకు పోతాము కాబట్టి ఎండ ఎడమ పక్క పడతాది. తిరిగొచ్చేటప్పుడు ఉత్తరం దిక్కుకు వస్తాము, పడమటి ఎండ కూడా ఎడమ పక్కే పడతాది. అంటే బస్సైనా కారైనా ఎడమ కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి రెండు పూటలా ఎండ తప్పదు. పిల్లకాయలకు వెలుగు పాఠం చెప్పే నాకు ఈ చిన్న సంగతి చానా ఏండ్లు తట్టలేదు. నా భార్యకు జబ్బు చేసినాకే తట్టింది.

మొదట ఆమె బుగ్గల మీద ఎర్రగా కందినట్టు వచ్చింది. ఎండకు పేలిందనుకున్నాము. తర్వాత వేళ్ల కణుపులు వాచి సుద్దముక్క పట్టుకునేకి కష్టమైంది. అనంతపురంలో ఒక డాక్టరమ్మ రక్త పరీక్షలు చేయించి లూపస్ అని తేల్చింది. ఒంటిని కాపాడాల్సిన శక్తి ఒంటి మీదకే తిరగబడే జబ్బంట. మాత్రలు వాడితే అదుపులో ఉంటాది గానీ ఎండ తగిలితే రేగుతాది అని చెప్పింది. బస్సు మాని కారు కొనుక్కుంటే చాలునా అని నేనడిగినాను. ముందు అద్దం కొంత కాపాడతాది, పక్క అద్దాల్లోంచి మాత్రం కంటికి కనబడని కిరణాలు వస్తానే ఉంటాయి అనింది. నా భార్య ఒకటే అడిగింది, బడికి పోవచ్చునా అని. జాగ్రత్తగా ఉంటే పోవచ్చు అనింది డాక్టరమ్మ. ఆ మాటతో మాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక పాత కారు కొన్నాము. దాని అద్దాలకు ముందు ఓనరు వేయించిన నల్ల ఫిల్ము ఉండింది. లోపల కూర్చుంటే మబ్బు పట్టిన పూట మాదిరి ఉండేది. ఆ నలుపు చూసి మాకు ధైర్యంగా ఉండేది. పది దినాలు కూడా గడవలేదు, ఊరి బయట పోలీసులు ఆపినారు. నేను డాక్టరమ్మ రాసిన చీటీ చూపించినాను. అక్కడున్న అధికారి దాన్ని మొత్తం చదివి, మర్యాదగానే మాట్లాడినాడు. బయటి నుంచి చూస్తే లోపలి మనిషి కనబడల్ల, పక్క అద్దాల్లోంచి సగం వెలుగన్నా లోపలికి పోవల్ల, జబ్బుందని చీటీ తెచ్చినోళ్లకు వేరే రూలు లేదు అని చెప్పినాడు. వెలుగును రానిచ్చి వేడిని ఆపే ఫిల్ములు వచ్చినాయంట, విచారించుకోండి అని కూడా చెప్పినాడు. ఆ నల్ల ఫిల్మును అక్కడే రోడ్డు పక్కన పీకేసినాము. అది ఒక పట్టాన రాలేదు. నా గోళ్ల సందుల్లో దాని జిగురు రెండు దినాలు ఉండింది.

ఆ ఆదివారమే అనంతపురంలో ఫిల్ములు వేసే అంగడికి పోయినాము. అంగడాయన ముందు ఆటోలకు స్టిక్కర్లు వేసే పని చేసి, తర్వాత ఈ పనిలోకి వచ్చినాడంట. మూడు రకాలు చూపించినాడు. రంగు ఫిల్ము చవక. వెలుగును తగ్గిస్తాది గానీ వేడిని తానే పీల్చుకుంటాది. రెండోది సన్నని లోహపు పూత ఉండేది. వేడిని వెనక్కి కొడతాది, కానీ లోపల ఫోను సిగ్నలు తగ్గొచ్చు. మూడోది సిరామిక్, చూసేకి మామూలు అద్దం మాదిరే ఉంటాది, ధర మాత్రం మిగిలినవాటి కంటే చానా ఎక్కువ. ఆయన ఒక ఎర్ర దీపం వెలిగించి, దాని ముందర ఒక్కో ఫిల్ము అంటించిన అద్దాన్ని పెట్టి, ఇవతల నా అరచెయ్యి పెట్టమన్నాడు. ఉత్త అద్దం వెనక చెయ్యి కాలింది. సిరామిక్ అద్దం వెనక దీపం ఉందో లేదో తెలియలేదు. నా భార్య కూడా చెయ్యి పెట్టి చూసి నవ్వింది. కానీ ఆ ధరకు వెంటనే సరేననేకి మాకు నోరు రాలేదు. ఆలోచించుకొని వస్తామని చెప్పి, ఆయనిచ్చిన నమూనా ముక్కలు తీసుకొని వచ్చేసినాము.

అంతలో ఒంటిపూట బడులు మొదలైనాయి. బడి వదిలేది మిట్టమధ్యాన్నం. ఆమె వెనక సీట్లో కుడి పక్కకు జరిగి, తలకు గుడ్డ చుట్టుకొని, చేతులకు మోచేతుల దాకా తొడుగులేసుకొని కూర్చునేది. ఎండ నేరుగా తగలకపోయినా కారంతా ఉడుకుతా ఉండేది. ఆ పాత ఏసీ ముందు సీటును దాటేది కాదు. ఒక దినం ధర్మవరం దగ్గర పడేటప్పటికి ఆమె పలకడం మానేసింది. అద్దంలో చూస్తే తల కిటికీకి ఆన్చి, కండ్లు సగం మూసుకొని ఉంది. నేను కారును ధర్మవరంలోకి తిప్పినాను. ఆమె పుట్టిల్లు అక్కడే.

ఆ ఇంటి గడప నేను అంతవరకూ తొక్కలేదు. మాది పామిడి దగ్గర పల్లె, కూలి పనులకు పోయే క్రైస్తవుల ఇల్లు. వాళ్లది ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల కుటుంబం. మా మామ నేసే పట్టునూలుకు రంగులేసే మనిషి, యాభై ఏండ్లు ఆ పనే చేసినాడు. మా పెండ్లికి ఆయన రాలేదు. తర్వాత పదకొండేండ్లు కూతురితో మాట్లాడినాడు గానీ నాతో మాట్లాడలేదు. పండగకు ఆమెను తీసుకొస్తే నేను సందు మొగదల టీ అంగడి దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఆ దినం ఆమెను పట్టుకొని నేరుగా లోపలికి నడిపించుకుపోయినాను. నన్నెవరూ ఆపలేదు. మామ చాప పరిచి, గుడ్డ తడిపి ఆమె ముఖం, మెడ, పాదాలు తుడిచినాడు. ఆయన వేళ్లకు పట్టిన రంగు ఎప్పటికీ పోయేది కాదు. కొంతసేపటికి ఆమె లేచి కూర్చొని మజ్జిగ తాగింది.

అప్పుడాయన నన్ను చూడకుండా కూతురిని అడిగినాడు.

"ఆయప్పను అడుగు. ఆ కారుకు ఏమన్నా వేయించేకి కాదా?"

నేను ఫిల్ముల సంగతి చెప్పినాను. నేను చెప్పేది ఆయన వింటా ఉన్నాడు గానీ ప్రశ్నలన్నీ ఆమెనే అడిగినాడు. మూడు రకాలకూ తేడా ఏమి, ఏది మేలు అని అంగడాయన చెప్పినాడు అని. దీపం కింద చెయ్యి పెట్టి చూసిన సంగతి నేను చెప్పినాక ఆయన తల తిప్పి నా వైపు చూసినాడు.

"దీపం కింద సరేప్పా. ఎండలో పెట్టి చూసినావా?"

లేదు అన్నాను. పదకొండేండ్లలో నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది. నా భార్య మజ్జిగ గ్లాసు పట్టుకొని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఆ దీపం నుంచి వచ్చేది చానావరకు వేడి కిరణాలే. ఎండలో కనబడే వెలుగు కూడా ఉంటాది, ఆ వెలుగూ లోపలికొచ్చి వేడిగానే మారతాది. తొమ్మిదో తరగతి పిల్లకాయలకు నేను చెప్పే పాఠమే ఇది. అంగడిలో మాత్రం గుర్తుకు రాలేదు.

ఎండలోనే పెట్టి చూద్దాము రమ్మని మామ అంటే, మరుసటి ఆదివారం నమూనా ముక్కలతో ధర్మవరానికి ఒక్కణ్ణే పోయినాను. మామ అప్పటికే మిద్దె మీద అంతా సిద్ధం చేసి పెట్టినాడు. చీరలు పెట్టే అట్ట డబ్బాలు నాలుగు, అన్నీ ఒకటే కొలత. పాత కిటికీ నుంచి తీసిన నాలుగు అద్దపు పలకలు. ఒకదాన్ని ఉత్తగానే ఉంచి, మిగిలిన మూడింటికీ మూడు రకాల ఫిల్ములు అంటించినాము. ప్రతి డబ్బా అడుగునా రాణి రంగు పట్టునూలు పోగులు పరిచినాడు. ఆ రంగు ఎండకు అన్నిటికంటే ముందు వెలిసిపోతాదంట. నేను బడి నుంచి తెచ్చిన థర్మామీటరు ఒక్కో డబ్బాలో కొంతసేపు పెట్టి చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆయన మాత్రం పలక కొంచెం జరిపి లోపల చెయ్యి పెట్టేవాడు, కాసేపుంచి తీసేవాడు. మరిగే రంగు నీళ్లను వేలితో చూసి చెప్పే పని చేసిన మనిషి. నేను అంకె చెప్పకముందే ఏ డబ్బా వేడెక్కువ, ఏది తక్కువ అని వరసగా చెప్పినాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండు ఆదివారాలు అట్లా చూసినాము. ఉత్త అద్దం కింద డబ్బా నిప్పుల కుంపటి మాదిరి ఉండింది. రంగు ఫిల్ము కింద దానికంటే తక్కువ, కానీ పైనున్న పలక చెయ్యి పెట్టేకి లేకుండా కాలింది. లోహపు పూతదీ సిరామిక్‌దీ దగ్గర దగ్గరగా వచ్చినాయి. సిరామిక్ కొంచెం మేలు, అంతే. దీపం ముందర కనబడినంత తేడా ఎండలో లేదు. నేను అంగడాయన మోసం చేసినాడా అన్నాను. మామ ఒప్పుకోలేదు. ఆయప్ప చూపించింది నిజమే, ఆ దీపం వేడిలో ఒక భాగమే చూపించింది అన్నాడు. తర్వాత పలకల చుట్టూ తిరిగి ఇంకో మాట అన్నాడు. డబ్బా కదలదు, కారు కదుల్తాది. అద్దం పీల్చుకున్న వేడిని గాలి బయటికి ఈడ్చుకుపోతాది, కాబట్టి కారులో కూర్చొని చూస్తేనే తేలుతాది అని.

అంగడాయనకు ఈ సంగతి చెప్తే ఆయనకూ సరదా పుట్టింది. ఎడమ పక్క ముందు కిటికీకి లోహపు పూత ఫిల్మునూ, ఎడమ పక్క వెనక కిటికీకి సిరామిక్ ఫిల్మునూ వేసిచ్చినాడు. ఒకటి ఎట్లైనా తీసేయాల్సొస్తాదని నేనన్నాను. తీసేద్దాములేన్నా, నాకూ తెలిసొస్తాది అన్నాడు.

కారులో కూర్చొని చూసేకి మామ ముందు దినమే మా ఇంటికొచ్చినాడు. మా ఇంట్లో ఆయన పడుకోవడం అదే మొదలు. పొద్దున మాతో పాటు బడికొచ్చి, వంట చేసే అమ్మలతో మాట్లాడుకుంటా వసారాలో కూర్చున్నాడు. మధ్యాన్నం తిరుగు దారిలో చొక్కా చేతులు పైకి మడిచి, నా పక్కన ముందు సీట్లో ఎడమ చెయ్యి కిటికీకి ఆన్చి కూర్చున్నాడు. సగం దూరంలో కారు ఆపించి వెనక సీటు ఎడమ పక్కకు మారినాడు. నా భార్య ఆయన పక్కనే, కుడి వైపు కూర్చొని ఉంది. కొంచెం దూరం పోయినాక తల గుడ్డ తీసేసి, తండ్రి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. రోడ్డుకు రెండు పక్కలా దున్ని వదిలిన శెనక్కాయ చేన్లు ఎర్రగా కాలుతా ఉన్నాయి.

"మీ పెండ్లికి నేను రాలేదు" అన్నాడు మామ.

"అవును మామా."

"వచ్చింటే బాగుండు."

నేను అద్దంలో చూసినాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తా ఉన్నాడు. ఏసీ కొంచెం పెంచమంటారా అని అడిగినాను. వద్దు, పిల్ల నిద్రపోతాంది, ఈడ చల్లగానే ఉండాది అన్నాడు. ఆ తర్వాత ముందు కిటికీ దగ్గర చెయ్యి చురుక్కుమనిందనీ, ఈడ ఎండ తెలుస్తాంది గానీ కుట్టడం లేదనీ చెప్పినాడు. ముందు సీట్లో ఉన్నప్పుడు ఆయన ఫోను రెండుసార్లు మధ్యలో తెగిపోయింది. అది ఫిల్ము వల్లనో టవరు వల్లనో తేల్చుకోలేకపోయినాము. సిరామిక్‌కే మొగ్గినాము.

వారం లోపలే నాలుగు పక్క అద్దాలకూ సగం వెలుగును మించి రానిచ్చే సిరామిక్ వేయించినాము. ముందు అద్దానికి దాదాపు కనబడని రకం వేయించినాము. ఎంత వెలుగు లోపలికి పోతాదో అంగడాయన చిన్న మీటరుతో కొలిచి చూపించి, కాగితం రాసిచ్చినాడు. మొదటి దినం నా భార్య కారంతా తిరిగి చూసి, ఏమీ వేయించినట్టే లేదే అనింది. మధ్యాన్నం ఇల్లు చేరినాక ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఆమె తొడుగులు కారు దిగేటప్పుడే వేసుకుంటాది. దారిలో పిల్లకాయల పరీక్ష పేపర్లు దిద్దుకుంటాది. సెలవులకు ముందు చూపించుకునేకి పోతే డాక్టరమ్మ మాత్రల మోతాదు పెంచలేదు. అది ఫిల్ము గొప్పే అనేకి లేదు. మాత్రలు వేళకు వేసుకుంటాంది, నీడ పట్టునే ఉంటాంది. కానీ బడి మానేయాల్సిన పని పడలేదు.

మిద్దె మీద డబ్బాలను మామ తీయలేదు. ఎండాకాలం సెలవుల్లో మేము పోయినప్పుడు ఆ పట్టు పోగులు తీసి వరసగా పరిచి చూపించినాడు. ఉత్త అద్దం కింది పోగు పాత గులాబీ రేకు మాదిరి వెలిసిపోయింది. మిగిలిన మూడూ రంగు నిలుపుకున్నాయి, చవక ఫిల్ము కిందిది కూడా. కనబడని కిరణాలను ఆపడంలో మూడూ పనికొచ్చేవేనని, తేడా అంతా వేడి దగ్గరేనని ఆ పోగులు చూసినాకే నాకు స్పష్టమైంది. సెలవులైపోయి బడి తెరిచినాక వెలుగు పాఠం చెప్పేటప్పుడు ఆ నాలుగు పోగులనూ తరగతికి తీసుకుపోయినాను. పిల్లకాయలు వాటిని చేతులు మార్చి మార్చి చూసినారు. ఎవరు చేసినారు సార్ ఇది అని అడిగితే, మా మామ చేసినాడని చెప్పినాను.

బడిలో తోటి అయ్యవార్లు ఇప్పుడు ఏ ఫిల్ము వేయించాలని నన్నే అడుగుతారు. దీపం ఒక్కటే చూసి తేల్చుకోవద్దు, రూలు ఎంతవరకు ఒప్పుకుంటాదో చూసుకోండి, నలుపును చూసి మోసపోవద్దు అని చెప్తాను. ఇంకొకటి కూడా చెప్తాను: ఎండలో నిలబెట్టిన కారును ఏ ఫిల్మూ కాపాడదు. మా బడి దగ్గర కారు పెట్టే చోట ఒక్క చెట్టు కూడా లేదు. అందుకే ఒంటిపూట బడుల్లో చివరి గంట కొట్టేకి ముందే నేను తరగతి ముగించి పోయి, నాలుగు తలుపులూ తెరిచి పెడతాను. లోపలి సెగ గాలికి పోయేదాకా తలుపు పక్కన నిలబడతాను. ఆమె హాజరు పుస్తకం ఆఫీసులో ఇచ్చి వచ్చేటప్పటికి సీటు కూర్చునే మాదిరి ఉంటాది.