స్నానానికి ముందు తాగింది

2022లో నేను పుదుచ్చేరిలో సారం అనే పేటలో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. షుగరు డాక్టరు చూసి పంపినవాళ్ళకు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. చెప్పడం సులువే. తలూపి వెళ్ళి, నెల తర్వాత అదే షుగరుతో వచ్చి కూర్చున్నవాళ్ళకు మళ్ళీ మొదటినుంచి చెప్పడమే అసలు ఉద్యోగం.

ఎం. కుప్పమ్మ ఐదు నెలల్లో నాలుగుసార్లు అలా వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇల్లు ముత్తియాల్‌పేటలో. తెల్లవారుజామున వీధులు ఊడ్చే పని. కుడికాలి చిటికెనవేలి దగ్గర పుండు పడి మానడం లేదు. షుగరు దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని సర్జన్ చెప్పి ఉన్నాడు. ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని చదవడం రాదు. అందుకని డైట్ చార్టు బొమ్మలు గీసి ఇచ్చాను.

మా పనిలో ట్వెంటీఫోర్ అవర్ రీకాల్ అని ఒకటుంది. గడిచిన ఒక రోజంతా ఏం తిన్నారో రోగి చెబుతూంటే మేం రాసుకుంటాం. కుప్పమ్మ ప్రతిసారీ ఒకే జాబితా చెప్పేది. పది గంటలకు రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గరిటెడు సోరు, అంటే అన్నం, ఆకుకూర, రాత్రి రెండు చపాతీలు. అచ్చం నా చార్టే. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష మాత్రం అది వేరెవరి తిండో అన్నట్టు వచ్చేది.

నాలుగోసారి నాకు ఓపిక పోయింది.

“రెండు ఇడ్లీలకు ఇంత షుగరు రాదు కుప్పమ్మా. నా దగ్గర దాచి నీకేం లాభం?”

“సత్తియంగా చెప్తా ఉండా డాక్టరమ్మా. నా మనవడి మింద ఒట్టు. నువ్వు గీసిన బొమ్మ దాటి ఒక ముద్ద తిన్లే.”

“నేను డాక్టర్ని కాదు. టీలో చక్కెర?”

“అది మాని యాడాదాయె. టీ కషాయమట్టా ఉంది, తాగతా ఉండా.”

ఆమె వెళ్ళాక ఫైలులో ‘నాన్ కంప్లయంట్’ అని రాశాను. చెప్పింది చెయ్యని రోగి అని అర్థం. అలా రాస్తే తప్పు మనది కాకుండా పోతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది మా ఆయన పోయారు. ముందు షుగరు, తర్వాత కిడ్నీలు. ఊరందరికీ చార్టులు ఇచ్చే నేను ఆయన చేత ఒక్క వారం కూడా కొలత ప్రకారం తినిపించలేకపోయాను. ఆయన మీద మిగిలిన కోపం ఆ రోజుల్లో నాతోపాటు క్లినిక్‌కు వచ్చేది. కుప్పమ్మ మీద విసుక్కున్నదాంట్లో ఆమెకు చెందింది ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

ఆ రోజు ఆమె వెళ్ళేముందే, ఇంట్లో ఎవరినైనా వెంట తెమ్మన్నాను. తర్వాతిసారి భర్త మునుస్వామిని తెచ్చింది. మిల్లులో వాచ్‌మన్‌గా చేసి మానేసిన మనిషి.

“మీరైనా నిజం చెప్పండి. ఈమె ఏం తింటోంది?”

“ఏం తింటది? కోడి గింజలు ఏరినట్టు. పొద్దన్నే ఆ సద్ది కూడు లేకుంటే ఈపాటికి రోడ్డు మింద పడిపొయ్యుండేది.”

“సద్దా?”

కుప్పమ్మ నన్ను వింతగా చూసింది. “నాలుగున్నరకి, డూటీకి పొయ్యేముందు. ఒక చెంబుడు.”

“ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“అదేం లెక్కమ్మా? స్నానం చెయ్యకముందు తాగేది. కసువూడ్చి వచ్చి, నీళ్ళు పోసుకున్నాక గదా తినేది.”

ఆ ఇంట్లో రాత్రిపూట అన్నం కుండ ఖాళీగా ఉండకూడదు. అందుకని కావలసినదానికంటే ఎక్కువ వండి, మిగిలినదాంట్లో నీళ్ళు పోసి ఉంచుతారు. తెల్లారేసరికి దాన్ని ముగించడం కుప్పమ్మ వంతు. చెంబుడంటే రెండు పూటల అన్నం. అంతకంటే ఘోరం, తినేముందు వేసుకోమన్న షుగరు మాత్ర ఆమె పదిగంటలకు, ఇడ్లీకి ముందు వేసుకునేది. చెప్పింది చెప్పినట్టు చేసింది.

“రేపటినుంచి సద్ది వద్దు,” అన్నాను.

మునుస్వామి అడ్డుపడ్డాడు. “కుండ కాళీగా పెడితే ఇంటికి మంచిది కాదు. మాయమ్మ ఉన్నన్నాళ్ళు ఒక్క రాత్రి పెట్టలే.”

“కుండలో ఉండనివ్వండి. అది ఈమె కడుపులోకే ఎందుకు పోవాలి?”

“అంత సోరు పారబొయ్యమంటావా? ఏం మాటమ్మా అది!”

పావుగంట వాదించాను. అటు గోడకు చెప్పినా ఒకటే. చివరికి కుప్పమ్మకే ఒళ్ళు మండింది.

“ఏందయ్యా నువ్వు! కుండ మింద అంత ఆశుంటే నువ్వు తాగు. కాదంటే పిడికెడు మిగిలిస్తా, కాకికి పెట్టు. ఈడ నా వేలు పోతా ఉంది, కుండంటాడు కుండ!”

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

డాక్టరు మాత్ర వేళ మార్చారు. సద్దికి బదులు ఉడికించిన శనగలు, మజ్జిగ పెట్టాం. కొన్ని వారాల్లోనే షుగరు దిగడం మొదలైంది. కానీ అప్పటికే వేలు నల్లబడింది. సర్జన్ తీసేశాడు. ఆ గాయం మాత్రం మానింది. పుండు పాదంలోకి ఎక్కలేదు. కుప్పమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళింది.

తర్వాత వచ్చినప్పుడు, “నేను ముందే సరిగ్గా అడగాల్సింది. నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నా,” అన్నాను.

“నువ్వు అడగలే, నేను చెప్పలే. వేలు పోయె. కాలుంది గదా, పోన్లే,” అంది. అని, కుండలో పిడికెడు కాకికి పెట్టడానికి మునుస్వామి పొద్దున్నే లేస్తున్నాడని చెప్పి నవ్వింది.

నా రీకాల్ ఫారంలో మొదటి ప్రశ్న మార్చాను. ఏం తిన్నారని అడగను. కళ్ళు తెరిచాక నోట్లో పడిన మొదటిది ఏమిటి, అప్పుడు టైమెంత అని అడుగుతాను. అక్కడినుంచి గంట గంటకూ వస్తాను. చాలామంది విసుక్కుంటారు. విసుక్కోనీ. కుప్పమ్మ ఫైలులో రాసిన మాటను కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ఐదు నెలలు చెప్పినట్టు విన్నది ఆమె. అడగవలసింది అడగనిది నేను. పోయిన వేలు మాత్రం ఆమెది.