ఆష్‌బీ ఇంటిపేరుకు దొరికిన సాక్షి

2018లో కెనడాలోని వాటర్లూలో ఒక గ్రంథాలయంలో స్థానిక చరిత్ర విభాగానికి నన్ను సీనియర్ లైబ్రేరియన్‌గా వేశారు. అప్పటికే ఊళ్లో ఎక్కడ చూసినా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలే. మా కింది అంతస్తు వాళ్లది, పై అంతస్తు పూర్వీకులను వెతుక్కునే పెద్దలది. పై అంతస్తు పెత్తనం నాది.

మా పనికి ఒక నియమం ఉంది. బతికున్న మనిషితో మొదలుపెట్టి, జనన వివాహ నమోదులు, జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్లు చూస్తూ ఒక్కో తరమే వెనక్కి నడవాలి. పేరున్న పూర్వీకుణ్ని ముందే ఎంచుకుని పైనుంచి కిందికి దిగితే ప్రతివాడూ రాజవంశీకుడే. ఈ జబ్బు మనకూ ఉంది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెత ఊరికే పుట్టలేదు.

ఆష్‌బీ గారు అలా వెతుక్కుంటూ వచ్చినవారే. రిటైరైన లెక్కల మాస్టారు, ఎనభై దాటిన మనిషి. వేసవిలో బంధువులంతా కలిసే రోజున తమ పాత పొలంలో ఒక శిలాఫలకం నిలపాలని ఆయన పట్టుదల. దానిమీద వంశచిహ్నం, కింద ‘ఆష్‌బీ ప్రభువుల సంతతి’ అన్న మాట. నా నివేదిక చూడందే రాయి చెక్కించడానికి వీల్లేదని ఆయన చెల్లెలు అడ్డం పడిందట.

నేను వెతికాను. ఐదు తరాల వెనక ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఒక వ్యవసాయ కూలీ దొరికాడు. పెళ్లి రిజిస్టరులో సంతకానికి బదులు ఇంటూ గుర్తు పెట్టాడు. ఆష్ అనే చెట్లున్న పల్లె కనుక ఆష్‌బీ. ఆ పేరుతో ఇంగ్లండులో ఊళ్లు చాలానే ఉన్నాయి. వంశచిహ్నం ఒక మనిషికీ అతని వారసులకూ ఇచ్చేది, ఇంటిపేరు కలిసినవాళ్లందరికీ చెందదు.

ఇదంతా చెప్పేసరికి ఆష్‌బీ గారి ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లూ మనవలకు చెప్పిందంతా అబద్ధమేనా, రేపు వాళ్ల ముందు ఏ మొహంతో నిలబడను అని అడిగారు. ప్రభువులన్న మాట ఒక్కటి ఉంచి సంతకం పెట్టమన్నారు. కుదరదన్నాను. జాలి వేసింది నిజమే. కానీ మొహమాటానికి సంతకం పెట్టే అలవాటు నాకు లేదు.

అంతలో మెట్ల కిందనుంచి ఎవరిదో కేక: “ఒరేయ్ ఖమ్మం రవీ, ప్రింటర్ దొరికింది రా!”

మందలిద్దామని లేచి, ఎవరయ్యా ఖమ్మం రవి అని తెలుగులోనే అడిగాను. ప్రింటర్ వెతుక్కుంటూ మా అంతస్తుకు ఎక్కివచ్చిన కుర్రాడు నన్ను చూసి ఆగిపోయాడు.

“సారీ ఆంటీ. మేం కిరాయికుండే బేస్‌మెంట్ల ముగ్గురు రవిలం ఉన్నం. ఒకడు నెల్లూరు రవి, ఒకడు కడప రవి. నేను ఖమ్మం.”

“ఖమ్మంలో కూడా నిన్ను ఖమ్మం రవి అనే పిలుస్తారా?”

“అక్కడెందుకంటరు ఆంటీ? అక్కడ అందరం ఖమ్మం వాళ్లమే కదా!”

నేను వెంటనే బల్ల దగ్గరికి తిరిగివచ్చాను. ఆ మాటలు ఆష్‌బీ గారికి ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆష్‌బీలో ఉన్నంతకాలం ఎవరినీ ఆష్‌బీ అనరు. మీ మూలపురుషుడు ఆ ఊరు వదిలి ఇంకో ఊరికి కొత్తగా వెళ్లినవాడు, అక్కడివాళ్లు పెట్టిన పేరే మీది అన్నాను. మా ఇంటిపేరూ మావాళ్లు వదిలివచ్చిన ఊరి పేరేనని చెప్పాను. ఆయన ఆ కుర్రాణ్ని పిలిచి చెయ్యి కలిపారు.

ఫలకం మీద చివరికి చెక్కించిన మాట: ‘ఆష్‌బీ నుంచి బయలుదేరినవాళ్లం.’ మనవల ముందు దాన్ని ఆయనే గట్టిగా చదివారని చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది.

ఊరి పేరు ఇంటిపేరైతే అది ఏలుబడికి రుజువు కాదు, వలసకు రుజువు. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన ఆ సంగతికి కళ్లెదుట సాక్ష్యం నాకు ఆ ఒక్కసారే దొరికింది. నా నివేదికలన్నింటిలో నేను గర్వంగా చూపించేది అదే. ఆధారాల పట్టికలో చర్చి రిజిస్టరు, జనాభా లెక్కల తరవాత చివరి వరసలో ఇలా రాసి సంతకం పెట్టాను: ‘ఖమ్మం రవి, విద్యార్థి, మౌఖిక సాక్ష్యం.’