మొదటి ట్రే బావది

ఎక్కడికి వెళ్లినా ముందు చోటు తనదే కావాలి బావకి. బస్సెక్కితే ఇంజను పక్క సీటు. ఫొటో తీస్తే అందరికంటే ముందు ఆయన బట్టతల. ఆఖరికి టీకాలు వేసేచోట కూడా, ఏడుస్తున్న పిల్లల్ని దాటుకుని వెళ్లి మొదట తన చెయ్యి చాచాడు.

"సూది దగ్గర కూడా పోటీయా?" అని అక్క తల బాదుకుంది.

"నేను నవ్వుతూ పొడిపించుకున్నానా లేదా, అది చూడు."

ఇవన్నీ బావమరిది ఓర్చుకునేవాడు. కొలిమి దగ్గర మాత్రం అతనికి కడుపు మండిపోయేది. ఇద్దరిదీ ఒకే షెడ్డు. ఇనుము కోసే చిన్న బిళ్ళల మీద, వేడి గ్యాసులతో, వెంట్రుకకన్నా పలచటి బంగారురంగు సిరామిక్ పూత ఎక్కించడం పని. బిళ్ళల్ని ట్రేలలో పేర్చి పొడవాటి గొట్టం కొలిమిలోకి వరసగా తోస్తారు. గ్యాసు వచ్చే మూలనున్న మొదటి ట్రే ఎప్పుడూ బావదే. కొలిమి తెరవగానే దాన్ని కోటులో చుట్టుకుని చక్కాపోయేవాడు, దిష్టి తగులుతుందన్నట్టు.

"తాజా గ్యాసంతా ఆయనకీ, ఎంగిలి గ్యాసు నాకూనా అక్కా?"

"ఆయన్నే అడగరాదురా?"

"అడిగా. 'పెద్దవాణ్ణి, ముందు నేనే' అన్నాడు!"

ఇంతలో ఓనరు బావమరిదిని పిలిచి చెప్పాడు: "ఈసారి నీ బిళ్ళలు పరీక్షలో నెగ్గితే కొత్త కొలిమి నీ చేతికే."

ఆ బిళ్ళలకి పూత ఎక్కించే రోజు బావమరిది గేటు తీయకముందే వచ్చి నిలబడ్డాడు. తన ట్రే ముందు పెట్టేశాడు. బావ వచ్చి కొలిమిలోకి తొంగిచూశాడు.

"ఓహో, తమరు ముందే దయచేశారే!"

"ఈ ఒక్కసారికి వెనక కూర్చోండి బావా. కొంపేం మునగదు."

బావ తన ట్రే చేతిలోకి తీసుకున్నాడు. బావమరిది ఈలవేసుకుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

కొలిమి చల్లారాక తెరిచారు. మొదటి ట్రేలో పూత పాతగోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా లేచింది.

"అయిపోయింది బావా! కొత్త కొలిమి పోయింది!"

"ఏడవకురా. అవి నావి. నీవి నడిమి ట్రేలో ఉన్నాయి. నువ్వు చేతులు కడుక్కుంటుంటే మార్చా."

నడిమి ట్రేలో బిళ్ళలన్నీ ఒకే మేలిమిరంగుతో మెరుస్తున్నాయి.

"వచ్చిన గ్యాసు వచ్చినట్టే మొదటి ట్రే మీద పడుతుందిరా. అక్కడ పూత మందమై ఊడిపోతుంది. అలాగని ఖాళీగా వదిలితే వెనకవి చెడతాయి. అందుకే పనికిరాని బిళ్ళలు పెడుతున్నా."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే ఓనరుకి తెలిసి, చోటు వృథా అని అక్కడా సరుకు పెట్టమంటాడు. సరుకు పాడైందని రోజుకొకడు తిట్లు తినాలి. అందుకే ఆయనతో ప్రయోగం అన్నా. పిచ్చోణ్ణని వదిలేశాడు."

కొత్త కొలిమి బావమరిదికే వచ్చింది. మొదటిరోజు బావ పనికిరాని బిళ్ళల ట్రేతో వెళ్లేసరికి ఆ చోటు నిండిపోయి ఉంది.

"ఒరేయ్, అది నా చోటు!"

"ఈ కొలిమిలో నాది బావా. ప్రయోగం."

బావ మొహం మాడిపోయింది. పొద్దంతా మూతి ముడుచుకునే పనిచేశాడు. సాయంత్రం బస్సు రాగానే బావమరిది ఎగిరి ఇంజను పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నంత వేగంగా లేచాడు.

"అమ్మో! పెనంలా కాలిపోతోందేంటి బావా!"

బావ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఆ సీటు మీద పరిచి, దర్జాగా కూర్చున్నాడు.

"కొలిమి నీకు వదిలేశా. బస్సు జోలికి రాకు."