మా వీధిలో మాట పడ్డ మిస్త్రీ

బాబిన్లు కొనడానికి పంజాగుట్ట వెళ్ళినప్పుడు తెలిసింది, మిస్త్రీ గారు పోయారని. దారాలూ గుండీలూ అమ్మే కొట్టాయన పొట్లం కడుతూ, "మీకు ఎర్కలేదా అమ్మా? ఎనిమిది దినాలాయె. పొద్దుగాల చాయ్ తాగిండు, గోడకు ఆనుకొని కూసున్నడు, గంతే" అన్నాడు. కొట్టు పక్కన మేడమెట్ల కింద ఆయన కూర్చునే బల్ల మీద ఎవరో ఉల్లిపాయల గంప పెట్టుకున్నారు. నేను పొట్లం సంచిలో వేసుకుని అమీర్‌పేట దాకా నడుచుకుంటూ వచ్చేశాను. దారిలో నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఎందుకు సిగ్గుపడ్డానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీరు ఆయన్ని ఎరగరు. మా వీధివాళ్ళు ఎరుగుదురు గానీ, తప్పుగా ఎరుగుదురు. ఆ తప్పు నాది.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు, అందరికీ మిస్త్రీయే. సైకిలు వెనక రేకు పెట్టె కట్టుకుని, ఒక కాడ విరిగిన కళ్ళజోడుకు దారం ముడేసి చెవికి తగిలించుకుని వచ్చేవారు. మిషను ఉన్న గదిలోకి వచ్చేముందు చెప్పులు విడిచేవారు. ముందు చేతులు కడుక్కుంటానని నీళ్ళడిగేవారు. "బట్టలు కుట్టే మిషన్ గదమ్మా, మసి చేతులతోటి ముట్టొద్దు" అనేవారు. పని అయ్యేసరికి మోచేతుల దాకా మసే, అది వేరే సంగతి. తరువాత మిషను తలకు చెవి ఆనించి, ఒక్క వేలితో చక్రాన్ని అటూ ఇటూ తిప్పేవారు. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడకూడదు. నాకు అదంతా వేషంలా కనబడేది.

మా మిషను మా అత్తగారిది. నల్లది, కాలితో తొక్కేది. మామగారు పోయాక మా వారిని ఆ మిషను మీదే పెంచి పెద్దచేసిందావిడ. కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు లారీలో మంచాలూ బీరువా పైన ఎలా పడితే అలా వేసినా, మిషనుకు మాత్రం బొంత చుట్టించింది. సనత్‌నగర్‌లో మా వారు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను దాని ముందు కూర్చున్నాను. వీధిలో ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల గౌన్లు, ఏది ఇస్తే అది. ఇల్లు దాని మీదే నడిచింది.

అదేమో నడిచేది కాదు. రెండు మూడు వారాలు బాగానే ఉంటుంది. ఆ తరువాత బరువెక్కుతుంది. పెడలు తొక్కితే పిక్కలు లాగేస్తాయి. ఒక పూట ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, చక్రం ఇటు రాదు, అటు పోదు. మిస్త్రీ గారికి కబురు పెట్టేదాన్ని. ఆయన వచ్చి బెల్టు తీసేసి, తల మీద నూనె పోసే చిల్లుల్లో కిరసనాయిలు పోసి, గుడ్డపీలికలు దూర్చి లోపలినుంచి పసుపుపచ్చటి జిగురు తుడిచి తీసేవారు. మళ్ళీ మిషను నూనె వేసి, "జర తిప్పి చూడమ్మా" అనేవారు. తిరిగేది. మరో మూడు వారాలకు మళ్ళీ అదే కథ. రేషన్‌లో తెచ్చిన కిరసనాయిలు పొయ్యికి చాలక నేను సణుక్కుంటుంటే, అందులో సగం మిషను తాగేసేది.

ఒకసారి విసుగొచ్చి పెడలు గట్టిగా తొక్కాను. బెల్టు తెగింది. ఆయన వచ్చి తెగిన బెల్టును చేతిలో పట్టుకుని, "జబర్దస్తి చెయ్యకమ్మా. ఆగిందంటే ఎందుకో ఆగింది, అడగాలె" అన్నారు. అడిగితే అది చెబుతుందా అని నేను ఎదురన్నాను. నా నోరు మంచిది కాదు, ఈ ముక్క మా వారిని అడిగినా చెబుతారు. ఆయన మాత్రం నవ్వి, "చెప్తది, మనం వినాలె" అన్నారు.

అప్పుడే కాబోలు, గుడ్డపీలిక ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మా, ఏం నూనె పోస్తున్నరు?" అని అడిగారు.

"మీరిచ్చిందే. ఇంకేం పోస్తాను?" అన్నాను.

వంటింటి గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉంది. ఆయన ఆవిడ వంక ఒకసారి చూసి తల దించుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. "నెలకొకసారి నేనే వస్త, సాఫ్ చేసి పోత. మీరు పిలువనక్కర లేదు" అని మాత్రం అన్నారు. ఆ మాట నా మనసులో ముల్లులా దిగబడింది. అడక్కుండానే నెలనెలా వస్తాననే మనిషి పని పూర్తిగా చేస్తాడా? ఏదో ఒకటి వదిలేసి పోతున్నాడని తీర్మానించుకున్నాను.

బల్కంపేట బోనాలకు రెండు రోజుల ముందు మిషను మళ్ళీ బిగుసుకుంది. ఎదురింటి వదినవి, వాళ్ళ ఆడబిడ్డలవి జాకెట్లు నా దగ్గర గుట్టగా పడి ఉన్నాయి. నా జాకెట్టు ఏదని ఆవిడ మా అరుగు మీదకు వచ్చి కూర్చుంది. తోడుగా మరో నలుగురు. సరిగ్గా అప్పుడే ఆయన సైకిలు దిగారు. నేను ఆగలేకపోయాను. "మీరు బాగుచెయ్యరు మిస్త్రీ గారూ! మళ్ళీ పిలిపించుకోవాలని కావాలనే ఏదో లోపం ఉంచి పోతారు. మా అవసరం మీకు ఆటగా ఉంది" అన్నాను. వీధంతా వినేలాగే అన్నాను.

ఆయన సైకిలు గోడకు ఆనించారు. చెప్పులు విడిచారు, నీళ్ళడిగి చేతులు కడుక్కున్నారు. పని చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. లేచేటప్పుడు, "ఠీక్ అయిందమ్మా. పండగకు అందుతయి" అని వెళ్ళిపోయారు. ఆయన సైకిలు మలుపు తిరగకముందే ఎదురింటి వదిన, "మంచిగ అడిగినవ్ వదినా. నేను సుత గాయనను ఇగ పిలువ" అంది. ఆవిడే కాదు, వీధిలో మిషనున్న ఏ ఇంటివాళ్ళూ ఆయన్ని పిలవలేదు. ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

మా ఇంటికి మాత్రం ఆయన వస్తూనే ఉన్నారు. నేను వద్దనలేదు, వద్దంటే నాకు గడవదు.

ఆరునెలలు తిరక్కుండా ఒక శుక్రవారం, రేషన్ షాపు తెరవలేదని తొందరగా ఇంటికొచ్చాను. మా అత్తగారు పూజ ముగించినట్టుంది. దీపపు కుంది చేతిలో పట్టుకుని, అడుగున మిగిలిన నువ్వుల నూనెను చెమ్చాతో మిషను చిల్లుల్లో చుక్కచుక్కగా పోస్తోంది. చక్రానికి పసుపు, కుంకుమ. పెదవులు ఏదో జపిస్తున్నాయి. నన్ను చూసి దొంగతనం బయటపడ్డట్టు కాస్త బెదిరింది.

"దేవుడి దగ్గర మిగిలిన నూనె పారబొయ్యకూడదమ్మా. నన్నూ వాడినీ బతికించింది ఇదే గదా. ప్రతి శుక్రవారం దీనికే పోస్తాను, మా ఊళ్ళో ఉన్నప్పటినించీ" అంది.

అక్కడ ఉన్నప్పుడు అది ఎన్నిసార్లు బిగుసుకుందో, ఎవరు తుడిచారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మిషను లోపలి జిగురు ఈ నూనెదేనని తెలిసినా ఆవిడ మీద కోపం రాలేదు. నేను అరుగు మీద నిలబడి అన్న మాటలే చెవుల్లో మోగాయి.

ఆ నెల ఆయన వచ్చినప్పుడు చెప్పబోయాను. "మిస్త్రీ గారూ, మా అత్తగారు ఆ నూనె..."

"ఎర్కే అమ్మా. వాసన వస్తది, పసుపు సుత వస్తది" అన్నారాయన.

"మరి ఆ రోజు అంతమందిలో ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే మీ ఇంట్ల లొల్లి అయితది. పెద్దమ్మ మిషన్‌కు దండం పెడుతది. గట్ల దండం పెట్టెటోళ్ళను నేను ఎక్కువమందిని చూడలె." ఇక ఆ సంగతి వదిలేసి, వంటింటి వైపు తిరిగి మా అత్తగారిని పిలిచారు. మిషను ముందు గొంతుక్కూర్చుని కింద పెడలు ఇరుసు చూపించారు. "పెద్దమ్మా, పైన నూనె పొయ్యకండి, గీడ పొయ్యండి. గివి దాని కాళ్ళు. మనం మొక్కేది కాళ్ళకే గద."

మా అత్తగారు వంగి చూసి, "అవును నాయనా, నిజమే" అంది. ఆ తరువాతి శుక్రవారం నుంచి దీపం నూనె పెడలుకే పోసింది. మిషను మళ్ళీ బిగుసుకోలేదు. ఇన్నేళ్ళ జబ్బును ఆయన ఒక్క మాటతో, ఎవరి మనసూ నొప్పించకుండా తీసేశారు. దాంతో మా ఇంటికి రావలసిన పని కూడా ఆయనకు లేకుండా పోయింది.

వెళ్ళేటప్పుడు గుమ్మందాకా వెళ్ళి, "వీధిలో వాళ్ళందరికీ చెబుతానండీ, తప్పు మాదేనని" అన్నాను. "ఫికర్ చెయ్యకమ్మా" అని సైకిలెక్కారు. చెబుతాననుకున్నాను, నిజంగానే అనుకున్నాను. కానీ చెప్పాలంటే అత్తగారి పేరు ఎత్తాలి. ఎత్తకుండా చెప్పినా, అరుగు మీద అరిచింది నేనేనని ఒప్పుకోవాలి. వచ్చే వారం చూద్దాం, పండగ వెళ్ళాక చూద్దాం అనుకుంటూ నాలుగేళ్ళు గడిపాను. పంజాగుట్ట వెళ్ళినప్పుడల్లా ఆయన తల ఊపి పలకరించేవారు. ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కబురు విని ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పాను. ఆవిడ లేచి వెళ్ళి మిషను మీద చెయ్యి వేసింది. తరువాత, "ఎదురింటికి వెళ్ళి చెప్పిరా. పోయారనే కాదు, అన్నీ చెప్పు. నా పేరు కూడా చెప్పు" అంది. ఆవిడకు అంతా తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

వెళ్ళాను. ఎదురింటి వదిన చాటలో బియ్యం ఏరుతోంది. మొదటినుంచీ చెప్పాను, ఏదీ దాచలేదు. ఆవిడ చేతులు ఆగిపోయాయి. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లేచి వెనక గదిలోకి రమ్మంది. కిటికీ పక్కన మడిచిన పరుపుల కింద వాళ్ళ మిషను ఉంది. పరుపులు దించింది.

"నువ్వు గట్ల అన్నంక నాల్గు దినాలకే ఆగింది వదినా. గాయనను పిలువొద్దనుకున్న, ఇంకొకలు దొర్కలె. గుంజితే బట్ట చినుగుతదని గట్లనే ఇడిసిపెట్టిన" అంది.

చక్రం మీద చెయ్యి వేసి తిప్పబోయాను. కదల్లేదు. సూది కిందికి దిగి ఉంది. దాని కింద నాలుగేళ్ళ పిల్లకు సరిపోయే గులాబీరంగు గౌను, ఒక చెయ్యి పూర్తయింది, రెండోది సగంలో ఉంది. సూది దిగినచోట గుడ్డలో తుప్పు గుండ్రంగా పాకింది.