ముగ్గురం ఇచ్చిన పుస్తకం

శ్రావణమాసం రెండో ఆదివారం, ఉదయం పదీ ఇరవై. ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ల గ్రంథాలయం జాబితా కంప్యూటర్లో పాత ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపం నుంచి కొత్త జేసన్ రూపంలోకి మారింది అప్పుడే. ఆ రెండూ ఏమిటో నాకు తెలియదు. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, వేలు పెట్టి కూడబలుక్కుంటే గాని చదవలేను. కాని ఇక మన పుస్తకాలు ఫోన్లో వెతుక్కోవచ్చన్నారు. ఆ మాట విన్నాక నాకు కాలు నిలవలేదు.

ఇంజనీరింగ్ చదివే వరంగల్ అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి మీట నొక్కింది. టీ చల్లారకముందే అల్మరాలన్నీ అందులోకి వెళ్లిపోయాయి! చప్పట్లు కొట్టాను.

"బాగా సూసుకో బావా, సాయంత్రం పాత కంప్యూటర్ తీసేత్తాం," అన్నాడు కార్యదర్శి. నా వియ్యంకుడే.

"మా పుస్తకం సూపించు తల్లీ," అన్నాను.

మా రైల్వే కాలనీలో రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి ఒక పుస్తకం కొని ఇస్తారు. అందరి పేర్లూ రాస్తారు. వర్క్‌షాపులో రివిట్లు కొట్టే ఒకడు, రంగులు వేసే ఒకడు, నేను, తిండి వేళ కలిసి అక్షరాలు దిద్దాం. ముగ్గురం ఓ కథల పుస్తకం కొని, మొదటి పేజీలో ఎవరి పేరు వాళ్లమే రాసి ఇచ్చాం. వాళ్లిద్దరూ పోయారు. ఆ పేజీని చెదలు తినేసింది. ఇక ఆ పేర్లున్నది జాబితాలోనే.

తెర మీద వేలు పెట్టాను. ఇచ్చినవారు: నేను. అంతే.

"ఏటిది? ఆళ్లిద్దరూ ఏరీ?"

"నీ పేరుంది కదా, ఇంకేటి గోల?" అన్నాడు వియ్యంకుడు.

"నా పేరెవడిక్కావాల! నానింకా బతికే ఉన్నాను!"

అమ్మాయి పాత ఫైలు తెరిచింది. అక్కడ మా పుస్తకం కింద 'ఇచ్చినవారు' మూడుసార్లు ఉంది. ఆ మాట మళ్లీ ఎదురైనప్పుడల్లా తను రాసిన ప్రోగ్రాం ముందు పేరు చెరిపి తర్వాతి పేరు పెట్టిందట.

"ఒక్క పుస్తకం ఒక్కరే ఇస్తరనుకున్న తాతా."

"మాకాడ ఒక్కడే ఇచ్చిన పుస్తకమే లేదమ్మా!"

ప్రోగ్రాం దిద్దింది. పేర్లన్నిటినీ ఒకే బ్రాకెట్లో వరసగా కూర్చోబెట్టి మళ్లీ నొక్కింది. కూడబలుక్కున్నాను. ఒకటి. రెండు.

"దొరికినారు!" నా కేకకి బయట టోటో, అదే బ్యాటరీ ఆటో, ఆపుకుని ఉన్న బెంగాలీ దాదా గుమ్మంలోకి వచ్చాడు. "కీ హోలో కాకా?"

ఏమైందో ఏడ్చుకుంటూ నవ్వుకుంటూ బెంగాలీలో చెప్పాను.

ఆ రోజు అక్కడున్నది వరంగల్ అమ్మాయి, నా వియ్యంకుడు, టోటో దాదా, నేను. తెర మీద నాకంటే ముందు రివిట్లు కొట్టేవాడు, వాడి పక్కన రంగులు వేసేవాడు.