డెబోరా టీచర్ తెచ్చిన అడ్మిషన్

ఎండాకాలం సెలవులు డెబోరా టీచరుకు ఏనాడూ సెలవులు కావు. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో ఆమె తెలుగు చెబుతుంది. పరీక్షలు అయిపోగానే కరస్పాండెంట్ భూపాల్ టీచర్లందరికీ కరపత్రాలు పంచి, కార్మికుల క్వార్టర్లు తిరిగి పిల్లలను పట్టుకురమ్మన్నాడు. "అడ్మిషన్లు తేనోళ్లు జూన్ల రానక్కర్లేదు" అని కూడా అన్నాడు.

పైన ఎండ, కింద బొగ్గు దుమ్ము. గేటు గేటుకూ నిలబడి మా బడి మంచిదని చెప్పుకోవడం ఆమెకు ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది. పక్క బడివాళ్లు బ్యాగు ఉచితంగా ఇస్తున్నారు, మీరేమిస్తారు అని తల్లిదండ్రులు అడిగేవారు. చదువు ఎట్లా చెబుతారని ఒక్కరూ అడగలేదు.

ఆ తిరుగుడులోనే రఘుపతి ఇంటికి వెళ్లింది. అతను గనిలో పనిచేస్తాడు. పెద్దకొడుకు వేణుమాధవ్ ఎనిమిదో తరగతి, ఆమె క్లాసే. తెలుగు పరీక్షలో ప్రశ్నలనే జవాబులుగా దింపి వచ్చాడు. ఆమె సున్నా వేస్తే భూపాల్ దిద్ది పాస్ చేయించాడు.

"చిన్నోన్ని గూడ మీ బడిలనే ఏస్త మేడం," అన్నాడు రఘుపతి. "గానీ మా పెద్దోన్ని అందరి ముంగట తిట్టిన్రట. మస్తు ఫీలయ్యిండు. ఒక్క సారీ చెప్పుండ్రి, అయిపోతది."

సోఫాలో పడుకున్న వేణుమాధవ్ లేవలేదు. ఫోను ఆమె వైపు తిప్పి వీడియో తీస్తూ నవ్వుతున్నాడు. డెబోరా సారీ చెప్పకుండా చేతిలోని కరపత్రం వాడికిచ్చింది.

"ఇది చదువు వేణూ."

వాడు ఫోను దించి, బడి పేరు దగ్గరే ఆగిపోయాడు. ఆమె కాగితం తిప్పి ఇంగ్లీషు వైపు చూపింది. అక్కడా అంతే.

రఘుపతి ముఖం మాడింది. "ఇంటికొచ్చి పరీక్షలు పెడుతున్రా?"

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న అతని భార్య జమున అప్పుడు నోరు విప్పింది. "ఎల్‌కేజీ నుంచి మీ బడిలనే ఉన్నడు గద మేడం. ఇన్నేండ్లు మీరేం నేర్పిన్రు?"

డెబోరాకు అంతవరకూ తండ్రి మీద, కొడుకు మీద, భూపాల్ మీద ఉన్న అసహ్యం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. చదవడం రాని పిల్లవాడిని ఏడాదంతా ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠాలు పూర్తి చేసింది తనే కదా.

"నీ మాట నిజమే చెల్లె. చిన్నోన్నన్న ఈ బడిల ఎయ్యకు," అని చెప్పి వచ్చేసింది.

జూన్‌లో రఘుపతి చిన్నకొడుకును తెచ్చి అక్కడే చేర్పించాడు. బడి బస్సు క్వార్టరు ముందుకే వస్తుందట. భూపాల్ ఆ అడ్మిషన్ డెబోరా ఖాతాలో వేసి, స్టాఫ్ మీటింగులో చప్పట్లు కొట్టించాడు.

"మేడం మాటంటే పేరెంట్స్‌కు గంత గురి!"

పాచిపోయిన అన్నం నోట్లో పెట్టుకున్నట్టుంది ఆమెకు. "నేను ఎయ్యొద్దనే చెప్పిన సార్," అంది లేచి నిలబడి.

భూపాల్ పెద్దగా నవ్వాడు. "జోకులు మంచిగేస్తరు మేడం," అంటూ బస్సు డ్రైవర్ల సంగతి ఎత్తుకున్నాడు.