కుడి చేతికి కట్టిన పట్టీ

2012 ఆగస్టులో నన్ను కామారెడ్డి ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా ఫిజియోథెరపిస్టు. ఆపరేషన్ సర్జన్ చేస్తాడు, కట్టు నర్సు మారుస్తుంది, ఆ తర్వాత బిగుసుకుపోయిన కీలును మళ్లీ కదిలించడం మా పని. వారంలో ఐదు రోజులు కామారెడ్డిలో, గురువారం మాత్రం ఎల్లారెడ్డిలో కూర్చోవాలని ఉత్తర్వు. ఎల్లారెడ్డిలో నాకిచ్చిన గదిలో ఒక బల్ల, రెండు ఇసుక సంచులు, గోడకు బిగించిన ఒక గిలక ఉండేవి. అక్కడ అందరూ నన్ను "పిసుకుడు సారు" అనేవారు. మా పనిలో మర్దన పదో వంతు కూడా ఉండదని చెప్పీ చెప్పీ, సర్వీసులో మొదటి పదేళ్లలోనే నా ఓపిక అయిపోయింది. పిలిస్తే పలికేవాణ్ని.

ఆ అక్టోబరులో నాగిరెడ్డిపేట వైపు పల్లె నుంచి నర్సాగౌడ్ అనే మనిషి వచ్చాడు. నలభై దాటిన వయసు, కల్లు గీసే వృత్తి. నెల క్రితం చెట్టు మీద నుంచి జారి ఎడమ మోచేతి మీద పడ్డాడు. మోచేతి కొసన ఉండే ఎముక విరిగింది. సర్జన్ దాన్ని రెండు సన్నని కడ్డీలతో నిలబెట్టి, తీగతో బిగించాడు. కుట్లు విప్పి, గాయం ఆరాక నా దగ్గరికి పంపాడు. వెంట భార్య బాలమణి వచ్చింది. సంచిలోంచి ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టి, లోపలి తీగను నాకు వేలుతో చూపించింది. నేను చూడలేదేమోనని అనుమానం కాబోలు.

నర్సాగౌడ్‌కు చెయ్యి ఎప్పుడు నయమవుతుందన్నది ప్రశ్న కాదు, ఫిబ్రవరికి అవుతుందా అన్నది ప్రశ్న. ఎండాకాలంలో తాటిచెట్లు గీయడం అప్పుడు మొదలవుతుంది. తాటిచెట్టు ఎక్కేవాడు మోకును, అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడును, రెండు చేతులతో పైకి విసురుకుంటూ ఎక్కాలి. అందుకు రెండు మోచేతులూ దాదాపు తిన్నగా సాగాలి. ఫిబ్రవరికి ఎక్కలేకపోతే అతని వంతు చెట్లు వేరేవాళ్లకు ఇవ్వక తప్పదని కల్లుగీత సంఘం పెద్దలు ముందే చెప్పారట. ఇరవై ఏళ్లుగా గీస్తున్న చెట్లు. "సారూ, సక్కగ గాకున్నా మంచిదే. మోకు ఇసిరేటంత సాగితె సాలు" అన్నాడు.

మా దగ్గర గోనియోమీటర్ అని ఒక కొలబద్ద ఉంటుంది. బళ్లో పిల్లల కోణమానినికి రెండు చేతులు మొలిచినట్టు ఉంటుంది. మోచేతిని పూర్తిగా చాపితే సున్నా, వంచినకొద్దీ డిగ్రీలు పెరుగుతాయి. మొదటి రోజు నర్సాగౌడ్ చెయ్యి యాభై దగ్గర ఆగిపోయింది. అంతకంటే సాగలేదు. మోకు విసరడానికి కనీసం ఇరవైకి రావాలని నేను లెక్క వేశాను.

వ్యాయామాలు చూపించాను. ఆ తర్వాత మర్దన గురించి చెప్పాను. కుట్ల మచ్చ మీద మాత్రమే, చుక్క కొబ్బరినూనె వేసి, వేలి కొసతో చిన్న సున్నాలు చుట్టినట్టు, ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. పైచర్మం కింది పొరలకు అతుక్కుపోకుండా ఉండటానికి ఇది చేస్తాం. కానీ మచ్చ దాటి మోచేతి కండను పిసకకూడదు, బలవంతంగా లాగకూడదు. దెబ్బతిన్న మోచేతిని గట్టిగా పిసికితే కండలో ఎముక పెరిగి, కీలు పూర్తిగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. చదువుకునేటప్పుడు మాకు మొట్టమొదట నేర్పే జాగ్రత్తల్లో ఇదొకటి. ఈ రెండో మాట కూడా నేను చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో మాత్రం ఇప్పుడు ఒట్టేయలేను.

మూడు గురువారాల్లో యాభై కాస్తా ముప్పై ఐదుకు వచ్చింది. నాకు మీసం మీద చెయ్యి వెళ్లింది. నాలుగో గురువారం నలభై ఐదు. ఐదో గురువారం యాభై ఐదు! మోచెయ్యి వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. వంగి చూస్తే వాసన వచ్చింది. ఆముదం, కర్పూరం, వెల్లుల్లి కాచిన నూనె, వీటన్నిటి మీదా కాస్త డీజిలు. ఒకే చేతి మీద ఇన్ని వాసనలు ఎందుకున్నాయని తెలివైనవాడు ఆలోచించేవాడు. నేను కోప్పడ్డాను.

నర్సాగౌడ్ నేల చూశాడు. బాలమణి, "మీరు చెప్పినట్టే చేస్తున్నం సారు" అంది. మీ ఊళ్లో నూనె రాసేది ఎవరని అడిగాను. సత్తెవ్వ అని ఒక ముసలావిడ ఉందని, పసిపిల్లలకు, బాలింతలకు నూనె రాసి నీళ్లు పోస్తుందని చెప్పింది. నేరస్థురాలు దొరికిందనుకున్నాను. సర్జన్‌కు ఫోన్ చేసి వాపు సంగతి చెప్పాను. ఎక్స్‌రే తీయించి చూశాడు, కొత్త ఎముక ఇంకా పెరగలేదు. ఇప్పుడే ఆపితే బతికిపోతాడు, ఆపకపోతే మనం చేయగలిగింది లేదని తేల్చి చెప్పాడు.

మరుసటి గురువారం ఓపీ ముగించుకుని, షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ఆ పల్లెకు వెళ్లాను. సత్తెవ్వ ఒక ఇంటి వాకిట్లో పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద పసిగుడ్డును బోర్లా వేసుకుని నీళ్లు పోస్తోంది. నేను నిలబడే అరిచాను. నీ వల్ల ఒక మనిషి చెయ్యి పోతోందన్నాను. కండలో ఎముక గురించి కూడా ఉపన్యాసం ఇచ్చాను. ఆమె తలెత్తలేదు. పిల్ల ఒళ్లు తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చుట్టి తల్లి చేతికి ఇచ్చింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"అయిందా సారు అరుసుడు? లోపట తీగె ఉన్న చెయ్యి నేనెట్ల ముట్టుత? నాకు తెల్వదా ఏడ ముట్టాలె, ఏడ ముట్టొద్దు? ఒక్కనాడు గూడ ముట్టలే. పా, ఆళ్లింట్ల ఒక్క గంట కూసో. నోరు మూసుకోని కూసో."

ఆమె వెంట నర్సాగౌడ్ ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఆ గంటలో తొమ్మిది మంది వచ్చారు. ఆపరేషన్ అయిన మనిషిని పలకరించకుండా ఎవరుంటారు? వచ్చినవాళ్లు మంచం మీద కూర్చుంటారు, "ఎట్లున్నది నర్సన్నా" అంటారు, ఆ మాట పూర్తయ్యేలోగా చెయ్యి నర్సాగౌడ్ మోచేతి మీదికి వెళ్తుంది. ఒకతను ట్రాక్టరు నడిపేవాడు, డీజిలు సంగతి తేలిపోయింది. ఒకామె కొంగుముడిలోంచి కర్పూరం తీసింది. భిక్నూర్ నుంచి బాలమణి మేనమామ వచ్చాడు. పెద్దాయన, హైవే పక్క దాబాలో రొట్టెల పిండి పిసికే మనిషి. ఆయన కూడా చొక్కా చేతులు మడిచి, పిండినే తలచుకుంటూ ఆ మోచేతిని పట్టుకున్నాడు. నర్సాగౌడ్ కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వుతూ కూర్చున్నాడు. "సారు రోజుకు మూడుసార్లు మర్దన చెయ్యమన్నడంట గద" అని మేనమామ నాకే చెప్పాడు. ఆయన అంటున్న సారు నేనేనని ఆయనకు తెలియదు. నా మాటలో సగమే ఊరంతా తిరిగింది, అదీ తప్పు సగం.

ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, వాపుకని తెచ్చిన పట్టీని నర్సాగౌడ్ ఎడమ మోచేతికి చుట్టాను. తర్వాత నర్సాగౌడ్‌ను పక్కకు పిలిచి, వద్దని చెప్పొచ్చు కదా అన్నాను. "మామ పాయిరంగ పట్టుకుంటె గుంజుకుంటనా సారు? సచ్చేదాంక గుర్తువెట్టుకుంటడు" అన్నాడు. అదీ నిజమే. పెద్దవాళ్లు ప్రేమతో పట్టుకున్న చేతిని వెనక్కి లాక్కోవడం ఆ పల్లెలో చెంపదెబ్బతో సమానం. చెట్లు పోతాయని తెలిసి కూడా అతను లాక్కోలేదు. అంత ప్రేమ ఒక మనిషి చేతికి ఎంత ప్రమాదమో నాకు అప్పుడే అర్థమైంది. గోడకు ఒక కాగితం అంటిస్తానన్నాను, "ముట్టరాదు" అని. గడపలో కూర్చున్న సత్తెవ్వ నవ్వింది.

"గట్ల రాస్తె మంచిగ అయితది. ఒచ్చినోళ్లు కాయిదం సదువుకుంట పిసుకుతరు. ఆ పట్టీ ఇప్పి గీ కుడి చేతికి కట్టు సారు."

దెబ్బ తగిలింది ఎడమ చేతికని ఊరందరికీ తెలుసు కదా అన్నాను. అది తను చూసుకుంటానంది. కుడి చేతి నరమూ ఎడమ చేతి నరమూ వీపులో ఒక్కచోట కలుస్తాయని, కుడివైపు పిసికితేనే ఎడమవైపు సదురుకుంటదని, ఇది కామారెడ్డి సారు కొత్త వైద్యమని చెప్తానంది. మంచి చేతితో వ్యాయామం చేయిస్తే రెండో చేతికి కొంత బలం వస్తుందని మా పుస్తకాల్లోనూ ఉంది. మర్దనకు మాత్రం అలాంటి సూత్రం ఏదీ లేదు. అయినా నేను సరిదిద్దలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో బాగున్న చేతికి పట్టీ కట్టడం అదే మొదటిసారి, అదే ఆఖరు. ఇందాక ఆమె మీద అరిచినందుకు సిగ్గుపడ్డాను. తప్పు నాదేనని చెప్పాను కూడా. "పో సారు, నువ్వు అరిసినప్పుడు పిల్ల గూడ జడుసుకోలె" అంది.

మచ్చ మీద ఎలా రాయాలో ఆమెకు ఒక్కసారి చూపించాను. పసిపిల్ల మాడు మీద నూనె పెట్టేటంత మెత్తగా, సరిగ్గా మచ్చ వెడల్పు దాటకుండా వేలు తిప్పింది. నా దగ్గర శిక్షణకు వచ్చిన కుర్రాళ్లకు అది పట్టుబడటానికి వారాలు పట్టేది. ఆ రోజు నుంచి మచ్చ పని ఆమెది, వ్యాయామం పని బాలమణిది, పలకరింపుల పని కుడి చేతిది.

వాపు తగ్గింది. నలభై, ముప్పై ఐదు, ముప్పై. సంక్రాంతి దాటేసరికి ఇరవై ఐదు. అక్కడ రెండు వారాలు కదలకుండా కూర్చుంది. ఆ రెండు వారాలూ నర్సాగౌడ్‌తో పాటు నాకూ నిద్ర సరిగా పట్టలేదు. ఫిబ్రవరి మొదటి గురువారం కొలిస్తే పద్దెనిమిది. నమ్మకం లేక మళ్లీ కొలిచాను, పద్దెనిమిదే. ఆ రోజే కుడి చెయ్యి కూడా చూపించాడు. మూడు నెలల ఆప్యాయతకు అది కమిలిపోయి ఉంది. బాగున్న చేతికి ఐసు పెట్టమని చీటీ రాశాను. మందులిచ్చే అమ్మాయి ఎడమ బదులు కుడి అని పొరపాటున రాశానేమోనని చీటీ వెనక్కి పంపింది.

సర్జన్ ఎక్స్‌రే చూసి, ముందు పొట్టి చెట్లు ఎక్కమని అనుమతి ఇచ్చాడు. ఒక పొద్దున నేను కూడా వెళ్లి చూశాను. నర్సాగౌడ్ మోకు విసిరాడు, ఎడమ చెయ్యి సాగింది, తాడు పైకి వెళ్లింది. సంఘం పెద్దలిద్దరు చెట్టు కింద నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. చెట్లు అతనివే అని దానికి అర్థమని బాలమణి చెప్పింది. భిక్నూర్ మేనమామ నా పక్కకు వచ్చి, "సూసినవా సారు, నేను కుడి చెయ్యి పిసికితేనే ఎడమ చెయ్యి లేసింది" అన్నాడు. అవునన్నాను. సత్తెవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

మా కేసు షీటులో "ఇంట్లో చూసుకునేవారు ఎవరు" అని ఒక గడి ఉంటుంది. ఆ తర్వాత నుంచి రిటైరయ్యే దాకా దాని కింద పెన్నుతో ఇంకో ప్రశ్న రాసుకునేవాణ్ని: చూడటానికి ఎవరు వస్తారు, వచ్చి ఏం చేస్తారు? ఈ చేతిని ముట్టొద్దని రోగి ఇంట్లో చెప్పడం సగం సూచన మాత్రమే. ముట్టకుండా ఉండలేనివాళ్లు ఏ చెయ్యి పట్టుకోవాలో చెప్పడం మిగతా సగం.